ఫీల్డుకు వెళ్తానన్న ఆడిటర్: మిషన్ ఆఫీసు పనికి వచ్చిన పిలుపును మేం పరిశీలించిన తీరు

సికింద్రాబాద్‌లో ఒక మిషన్ సంస్థ హెడ్డాఫీసులో అభ్యర్థుల విభాగం చూస్తుంటాను. “ప్రభువు నన్ను సేవకు పిలిచాడు” అంటూ వచ్చేవాళ్లతో మొదట కూర్చునేది నేనే. ఆ పిలుపును వాళ్ల సంఘంతో కలిసి పరిశీలించడం, సేవలోకి వచ్చాక వాళ్ల బాగోగులు కనుక్కోవడం కూడా నా పనే. ఈ కేసు అలా మా దగ్గరికి వచ్చిన ఒక తమ్ముడిది. ఆయనా, ఆయన భార్యా సరేనన్నాకే రాస్తున్నాను. పేర్లు రాయడం లేదు, ఎవరో తెలిసిపోయే వివరాలు కొన్ని మార్చాను.

రాయడానికి కారణం ఉంది. వాక్యం చెప్పే పిలుపు ఉన్న కుర్రవాణ్ని ఎలా పరీక్షించాలో మన సంఘాలకు బాగా తెలుసు. యూత్ మీటింగులో మాట్లాడిస్తారు, గృహ కూడికలకు పంపిస్తారు, కొన్నాళ్లు నడవడి చూసి బైబిల్ కాలేజీకి సిఫారసు లెటర్ ఇస్తారు. అదే ఒక అకౌంటెంటో, టీచరో, కంప్యూటర్ పని తెలిసినవాడో వచ్చి “మిషనరీల వెనక నిలబడే పని నాకు అప్పగించినట్టుంది అయ్యగారూ” అంటే చాలామంది పాస్టర్లకు ఏం చేయాలో పాలుపోదు. మంచిదే, ప్రార్థన చేద్దాం అని ఊరుకుంటారు. సంస్థలేమో ఖాళీ ఉంటే ఉద్యోగిగా పెట్టుకుంటాయి. ఆఫీసు పనికి వచ్చిన పిలుపునూ ఫీల్డు (మిషనరీలు ఉండి సేవ చేసే చోటు) పిలుపంత గట్టిగా పరిశీలించాలని, అంతే గౌరవంగా సంఘం తలమీద చేతులుంచి ప్రార్థించి పంపాలని నా నమ్మకం. ఈ తమ్ముడి విషయంలో అది ఎలా జరిగిందో వివరంగా చెబుతాను.

మొదటిసారి వచ్చినప్పుడు

ముప్పై ఆరేళ్ల మనిషి. మాధాపూర్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో ఇంటర్నల్ ఆడిట్ పని. భార్య ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. బడికి వెళ్లే పిల్లలు ఇద్దరు. తల్లి వీళ్లతోనే ఉంటుంది. వాళ్లది మెదక్ వైపు ఊరు, తాతల కాలం నుంచీ క్రైస్తవ కుటుంబం. బొల్లారంలో ఫ్లాట్, దాని మీద హోమ్ లోన్, అది కాక కారు లోన్.

సంఘం తరఫున కొంతమందితో కలిసి ఒడిశాలో కోరాపుట్ జిల్లాలోని మా ఫీల్డు చూడటానికి వెళ్లాడు. విశాఖ దాకా ఒక రైలు, అక్కడి నుంచి అరకు మీదుగా కొండలెక్కే కిరండూల్ రైలు, దిగాక జీపు. తిరిగొచ్చిన వారంలోనే నా ముందు కూర్చుని, “అక్కా, రిజైన్ చేసేస్తాను. కుటుంబంతో సహా కోరాపుట్ పంపండి” అన్నాడు.

అలా అడిగేవాళ్లకు నేను వెంటనే అవునని గానీ కాదని గానీ చెప్పను. “అక్కడ ఏం చూశావో చెప్పు తమ్ముడూ” అంటాను. మనిషి భారం, అంటే దేవుడు మనసులో పెట్టిన తపన, ఎక్కడుందో అతని మాటే పట్టిస్తుంది. ఆయనతో వెళ్లినవాళ్లంతా ఊళ్లో జరిగిన కూడిక గురించి, దేశియా భాషలో పిల్లలు పాడిన పాటల గురించి చెప్పారు. ఈయన చెప్పిందల్లా హాస్టల్ వార్డెన్ గదిలోని ఇనుప బీరువా గురించి. అందులో పాలిథిన్ కవర్లలో కుక్కిన బిల్లులు. సగం బిల్లుల మీద అక్షరాలు చెరిగిపోయాయి. లెక్కలు సమయానికి చేరక అక్కడి హాస్టల్ చూసే మిషనరీ కుటుంబానికి నెలసరి డబ్బు ఆలస్యమవుతోంది, వాళ్లు కిరాణా కొట్లో అరువు పెడుతున్నారు. ఆ మిషనరీ భార్య కాన్పు ఖర్చు తాలూకు మెడికల్ బిల్లు ఎక్కడ ఆగిందో ఎవరికీ తెలియదు. మిగతావాళ్లు నిద్రపోయాక ఈయన వార్డెన్‌తో కూర్చుని ఆ కాగితాలన్నీ నెలలవారీగా సర్దిపెట్టి వచ్చాడు. ఇదంతా చెబుతుంటే ఆయన గొంతు మారిపోయింది.

ఆ రోజు నా నోట్సులో రాసుకున్న మాట ఇది: “ఇతని భారం ఊరి మీద కన్నా, ఊళ్లో ఉంటున్న సేవకుడి మీద ఉంది.” తర్వాతి భేటీలో ఆ మాటే ఆయనతో అన్నాను. మొహం చిన్నబుచ్చుకున్నాడు. “మళ్లీ ఎక్సెల్ షీట్ ముందు కూర్చోబెట్టడానికా అక్కా ప్రభువు నన్ను పిలిచింది?” అన్నాడు.

ఆ బాధ ఆయనొక్కడిదే కాదు. మన కూడికల్లో “ఉద్యోగం వదిలేసి సేవకు వచ్చాను” అనే సాక్ష్యానికి అందరూ హల్లెలూయ అంటారు. వదిలేసి వచ్చినవాడు ప్రసంగ వేదిక మీద గానీ, కొండల్లో గానీ కనిపించాలని అనుకుంటారు. ఆఫీసు బల్ల దగ్గర కనిపిస్తే వెనక్కి తగ్గాడనుకుంటారు. ఈ అంచెలు మనం పెట్టుకున్నవి, వాక్యంలో లేవు.

చదవమని ఆయనకు కొన్ని భాగాలిచ్చాను. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో విధవరాండ్రకు అనుదిన పరిచర్య సరిగ్గా అందడం లేదని గొడవ వచ్చినప్పుడు, ఆ పంపకం చూడటానికి ఆత్మతోనూ జ్ఞానంతోనూ నిండినవాళ్లను ఏరి, ప్రార్థన చేసి చేతులుంచారు. 1 సమూయేలు 30లో బెసోరు వాగు దాటలేక సామాను దగ్గర ఆగిపోయిన రెండు వందల మందికీ యుద్ధానికి వెళ్లిన నాలుగు వందల మందితో సమానంగా వాటా ఇవ్వాలని దావీదు కట్టడ చేశాడు. ఈ రెండూ ఆయనకు తెలిసినవే. 2 కొరింథీయులకు 8వ అధ్యాయం దగ్గర మాత్రం ఆగిపోయాడు. యెరూషలేము పేదల కోసం పోగైన చందా డబ్బును పౌలు ఒక్కడే తీసుకుపోడు. సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ని వెంట ఉంచుకుంటాడు. ప్రభువు దృష్టిలోనే కాదు, మనుషుల దృష్టిలో కూడా తప్పు పట్టేందుకు చోటు ఉండకూడదంటాడు. “అక్కా, ఇది అచ్చంగా మేం చేసే ఇంటర్నల్ కంట్రోలే” అన్నాడు ఫోన్ చేసి. ఆ ఫోన్‌లో మొదటిసారి ఆయన మాటలో ఉత్సాహం వినిపించింది.

చరిత్ర కూడా కొంత చెప్పాను. ఇంగ్లండ్ నుంచి ఇండియాకు వచ్చిన మిషనరీ విలియం కేరీ పేరు అందరికీ తెలుసు. బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో ఆయన పక్కన నిలిచిన విలియం వార్డ్ వృత్తిరీత్యా ప్రింటర్. కేరీ ఇంగ్లండ్ నుంచి బయలుదేరే ముందే ఆయన్ని కలిసి, దేవుడు పనిని దీవిస్తే నీలాంటి ప్రింటర్ మాకు కావాల్సి వస్తుందని చెప్పాడు. 1799లో వార్డ్ వచ్చాడు. 1812 మార్చిలో ప్రెస్సు కాలిపోయినప్పుడు బూడిదలోంచి అక్షరాల అచ్చులు తయారుచేసే ఉక్కు పంచ్‌లు వెతికి తీసి పనిని మళ్లీ నిలబెట్టడంలో ఆయనదే ముఖ్యమైన చేయి. తెలుగు కొత్త నిబంధన 1818లో అచ్చయింది ఆ ప్రెస్సులోనే. ఇక ఆండ్రూ ఫుల్లర్ ఇండియాకు ఒక్కసారి కూడా రాలేదు. 1792 నుంచి 1815లో చనిపోయేదాకా, కేరీని పంపిన బాప్టిస్ట్ మిషనరీ సొసైటీకి సెక్రటరీగా ఇంగ్లండ్, స్కాట్లండ్ సంఘాలు తిరుగుతూ డబ్బు పోగు చేశాడు. లోతైన గనిలోకి దిగినవాడి తాడును పైన పట్టుకున్నవాళ్లం మేమని ఆయన చెప్పిన పోలిక మిషన్ వర్గాల్లో ఇప్పటికీ వాడుకలో ఉంది.

మన ఒంగోలు సంగతే చూడండి. 1876–78 కరువులో జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలీ, తిండీ చూపించాడు. మిషనరీ కాకముందు అమెరికాలో నేర్చిన సర్వే పని అక్కడ అక్కరకొచ్చింది. కరువు సాయం కోసం ఎవరూ బాప్తిస్మానికి రాకూడదని ఆ కాలమంతా బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిన సంగతి అందరూ చెప్పుకుంటారు. అంతకుముందు నెలల తరబడి రాసిన కూలీ పద్దుల గురించి ఎవరూ చెప్పుకోరు.

అమ్మ అడిగిన ప్రశ్న

పిలుపు అన్నవాళ్ల ఇంటికి తప్పకుండా వెళ్తాం. వాళ్లమ్మ నాకు టీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. “గిదే పని గాడ చేస్తుండు గద బిడ్డా. గంత జీతం ఇడిశిపెట్టి గదే పని మీ దగ్గర తక్కువకు చేసుడెందుకు? ఊళ్లె తిరిగి వాక్యం చెప్తనంటే నాకు సమజైతది” అంది.

ఈ మొత్తం కేసులో నాకు దొరికిన మంచి ప్రశ్న అదే. సపోర్ట్ పనికి వస్తానన్న ప్రతి మనిషీ దానికి జవాబు చెప్పగలగాలి. ఉద్యోగంలోనే ఉండి మిషన్‌కు ఇవ్వడం కూడా పిలుపే, చాలామందికి అదే సరైన దారి. అందుకే ఆ ప్రశ్నను ఆయనకే ఇచ్చి రాసుకు రమ్మన్నాను: “నువ్వు కంపెనీలోనే ఉండి నెలనెలా మాకు డబ్బు పంపితే మేం ఇంకో అకౌంటెంట్‌ను పెట్టుకోవచ్చు. అప్పుడు పోయేదేంటి?”

కొన్ని వారాలు తీసుకున్నాడు. రాసి తెచ్చింది ఒక పేజీ కూడా లేదు. డబ్బుతో పెట్టుకున్న మనిషి ఇంకా మంచి జీతం దొరకగానే వెళ్లిపోతాడు, మిషనరీ ప్రతిసారీ కొత్త మనిషికి తన కష్టం మొదటి నుంచి చెప్పుకోవాలి, చెప్పి చెప్పి చివరికి చెప్పడం మానేస్తాడు, పదిహేను ఇరవై ఏళ్లు ఒకే గొంతు ఫోన్ ఎత్తాలి, ఆ గొంతు నాదవ్వాలని నా ప్రార్థన, అని రాశాడు. అది చదివాక కోరాపుట్ మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

భార్యతో విడిగా మాట్లాడాను. భర్త పక్కన ఉంటే మన ఆడవాళ్లు “ఆయన ఇష్టమే నా ఇష్టం” అనేస్తారు, దాని మీద ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. నైట్ డ్యూటీ దిగి వచ్చిన పొద్దున కలిశాం. చాలాసేపు పిల్లల ఫీజుల గురించి మాట్లాడింది. తర్వాత అసలు మాట వచ్చింది: “ప్రభువు ఆయనతో మాట్లాడాడంటున్నారు. నన్నెవరూ అడగలేదక్కా. ప్రభువు నాతో కూడా మాట్లాడతాడు కదా?”

ఆ మాటతో పనంతా ఆపేశాం. భార్యాభర్తల్లో ఒకరు అయిష్టంగా ఉంటే మేం ముందుకు వెళ్లం, అది ఫీల్డుకైనా ఆఫీసుకైనా. మరో బృందంతో ఆమె కూడా కోరాపుట్ వెళ్లి చూసి వచ్చింది. భర్త వర్ణించిన ఆ మిషనరీ భార్య దగ్గర కూర్చుని బీపీ చూసింది, వాడుతున్న మందులు చూసింది, రెండూ సరిగ్గా లేవని గుర్తించింది. తిరిగొచ్చాక కూడా టైం అడిగింది, ఇచ్చాం. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక తనే నాకు ఫోన్ చేసి “నాకూ సమ్మతమే అక్కా, కానీ కొన్ని షరతులున్నాయి” అంది. ఆ షరతులన్నీ న్యాయమైనవే. పిల్లల బడి మార్చకూడదు. ఆమె ఉద్యోగం మానమని ఎవరూ అనకూడదు. ఆదివారం సంఘానికి, కుటుంబానికి మాత్రమే, ఆఫీసు పని ఇంట్లోకి రాకూడదు. మూడూ కాగితం మీద రాసుకున్నాం.

పని మీద పరీక్ష

ప్రార్థనలో వచ్చిన నిశ్చయతను నేను తేలిగ్గా తీసుకోను. కానీ ఆఫీసు పనికి పిలుపు ఆఫీసు పనిలోనే రుజువు కావాలి. ఉద్యోగం చేస్తూనే శనివారాల్లో వచ్చి మాతో కూర్చోమన్నాం. నెలాఖరు, ఆడిట్ ముందు వారాలు ఎంచి మరీ రమ్మన్నాం, ఎందుకంటే అప్పుడు ఆఫీసులో ఎవరికీ తీరిక ఉండదు, ఓపిక ఉండదు, ఆత్మీయ వాతావరణం అసలే ఉండదు.

ఒక శనివారం హాస్టల్ లెక్కల్లో ఒక వోచర్ వచ్చింది. బడి నోట్‌బుక్‌లోంచి చించిన కాగితం. ఒడియాలో రాసి ఉంది: జీపు కిరాయి 600, జ్వరం, రసీదు లేదు. కింద వార్డెన్ సంతకం. కంపెనీలో అయితే అలాంటి కాగితాన్ని ఈయన తిప్పి పంపేసేవాడు. ఆ రోజు ఫోన్ తీసి వార్డెన్‌కు కలిపాడు. నేను పక్క బల్ల దగ్గరే ఉన్నాను. బిల్లు గురించి అడుగుతాడనుకున్నాను. ముందు “బాబుకు ఇప్పుడెలా ఉంది బ్రదర్?” అన్నాడు. హాస్టల్ పిల్లాడికి మలేరియా వస్తే అర్ధరాత్రి జీపులో ఆసుపత్రికి తీసుకెళ్లారట. డ్రైవరుకు రాయడం రాదు, రసీదు ఎక్కడిది? ఆ సంగతంతా విన్నాక, జీపు నంబరు, తేదీ, ఆసుపత్రి చీటీ ఫొటో పంపమన్నాడు.

అంతటితో వదిలిపెట్టలేదు. రసీదు దొరకని ఖర్చుల కోసం ఒక చిన్న పుస్తకం తయారు చేశాడు. ప్రతి ఆకుకీ కార్బన్ కాపీ. ఒడియాలో, తెలుగులో గడులు: ఎందుకు, ఎవరికి, బండి నంబరు, తీసుకున్నవాడి వేలిముద్ర, చూసినవాడి సంతకం. ఒక్కో ఆకు మీద ఎంత మొత్తం దాకా రాయొచ్చో ఒక పరిమితి. థర్మల్ పేపర్ బిల్లులను ఆ రోజే ఫోన్‌లో ఫొటో తీసి పంపాలని ఇంకో పద్ధతి పెట్టాడు, ఆ సిరా నెలలు ఆగదు కాబట్టి. ఈ రెండూ ఇప్పుడు మా అన్ని ఫీల్డుల్లో నడుస్తున్నాయి.

నేను చూడాలనుకున్నది అదే. వోచరుకు అవతల ఉన్న మనిషిని చూడాలి, అయినా వోచరును వదలకూడదు. కనికరం మాత్రమే ఉన్నవాళ్లు ఆడిట్‌లో సంస్థను ఇరుకున పెడతారు. నియమం మాత్రమే ఉన్నవాళ్లు మిషనరీ మనసు విరిచేస్తారు. ఈ రెండూ ఒకే మనిషిలో కనబడటం నాకు పిలుపుకు గట్టి ఆనవాలు.

లెక్క ఖచ్చితంగా ఉండాలనడం చాదస్తం కాదు. విదేశీ విరాళాల చట్టం 2020 సెప్టెంబరులో సవరించాక, విదేశాల నుంచి వచ్చే ప్రతి రూపాయీ మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచ్ ఖాతాలోనే పడాలి. ఒక సంస్థ ఆ డబ్బును ఇంకో సంస్థకు ఇవ్వడానికి వీల్లేదు. పరిపాలన ఖర్చు అంతకుముందు 50 శాతం దాకా ఉండొచ్చు, ఇప్పుడు 20 శాతం దాటకూడదు. ఏటా ఆ డబ్బు లెక్క చెప్పే ఎఫ్‌సీ-4 రిటర్ను డిసెంబరు 31 లోపు వేయాలి. ఎక్కడో ఒక హాస్టల్లో రాసిన తప్పుడు పద్దు వల్ల రిజిస్ట్రేషన్‌కే ముప్పు వస్తే దెబ్బ అన్ని ఫీల్డుల మీదా పడుతుంది. కొండ మీద పనిచేసే సేవకుడికి ఇవన్నీ తలకెక్కించుకునే అవసరం రాకుండా చూసే మనిషి ఆఫీసులో ఒకరు ఉండి తీరాలి.

డబ్బు సంగతి

అప్పుల మీద ఉండగా రిజైన్ చేయమని మేం ఎవరికీ చెప్పం. కారు అమ్మి ఆ లోన్ తీర్చేయమన్నాం. పీఎఫ్ డబ్బు ముట్టుకోవద్దన్నాం. హోమ్ లోన్ వాయిదా భార్య జీతంలోంచి, ఇల్లు గడవడం సేవలోకి వచ్చాక ఆయనకు అందే నెలసరి భృతిలోంచి. ఆ లెక్క కుదిరేదాకా ఆగమన్నాం. ఏడాది దాకా పట్టింది. ఆ ఏడాదిలో ఆయనకు కంపెనీలో ప్రమోషన్ ఇస్తామన్నారు. వద్దనలేదు, తీసుకున్నాడు, పెరిగిన జీతం మొత్తం లోన్‌కే కట్టాడు. శనివారాలు మాత్రం మానలేదు. ఆగడం కూడా పరీక్షలో భాగమే, ఆవేశం మాత్రమే ఉన్నవాళ్లు అక్కడే జారిపోతారు.

చాలామంది మరిచిపోయే సంగతి ఒకటి. ఉద్యోగం మానిన రోజే కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా పోతుంది. ఇంట్లో షుగర్, బీపీ ఉన్న తల్లి ఉంది. కొత్త పాలసీ తీసుకుంటే అప్పటికే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పీరియడ్ పెట్టొచ్చు. అందుకే ఉద్యోగంలో ఉండగానే కుటుంబానికి, తల్లికి విడిగా పాలసీలు తీసుకోమన్నాం. సేవకు వచ్చేముందు బీమా గురించి ఆలోచించడం అవిశ్వాసం అనేవాళ్లతో నేను ఏకీభవించను. అమ్మకు ఒంట్లో బాగోలేకపోతే సంఘంలో చేయి చాచాల్సిన పరిస్థితి తెచ్చుకోవడం విశ్వాసమూ కాదు, అమ్మను సన్మానించడమూ కాదు.

మాకు ఎక్కువ కష్టమైంది భృతికి మద్దతు కూడగట్టడం. ఆఫీసు సిబ్బంది జీతాలు చాలావరకు పరిపాలన ఖర్చు కిందికే వస్తాయి. హాస్పిటల్ డాక్టరు జీతమో, స్కూల్ టీచరు జీతమో ఆ లెక్కలోకి రాదు గానీ, అకౌంట్స్ చూసేవాడి జీతం వస్తుంది. కాబట్టి ఇలాంటివాళ్లను మన సంఘాలే పోషించాలి. ఒక సంఘంలో ఒక పెద్దాయన లేచి “మిషనరీకైతే నెలకు వెయ్యి ఇస్తాం. ఏసీ గదిలో కూర్చునే ఆయనకెందుకయ్యా?” అని సూటిగానే అడిగారు. ఇంకొకరు 80జీ రసీదు ఇస్తారా అన్నారు. ఒకే మతం కోసం నడిచే ట్రస్టుకు అది వర్తించదని, ఇచ్చేవాళ్లు పన్ను మినహాయింపు ఆశించకుండానే ఇవ్వాలని తమ్ముడు దాచకుండా చెప్పాడు.

పెద్దాయనకు ఆయన ఇచ్చిన జవాబు నాకు నచ్చింది. వాదించలేదు. ఆ సంఘం గత నెలలో పంపిన కానుక తాలూకు కాగితాలు తెరిచి, ఆ డబ్బు రసీదు నుంచి బ్యాంకుకు, బ్యాంకు నుంచి కోరాపుట్ హాస్టల్ బియ్యం బస్తాల దాకా ఎలా వెళ్లిందో వరసగా చూపించాడు. ఎక్కడ ఎవరి సంతకం ఉందో, అది లేకపోతే ఏం జరుగుతుందో చెప్పాడు. ఆ సంఘం వెయ్యి రాయలేదు, ఐదు వందలు రాసింది. పర్వాలేదు, ఇప్పటికీ పంపుతోంది.

మన తెలుగు సంఘాలకు ఇది కొత్త సంగతి కాకూడదు. 1909లో, తర్వాత బిషప్ అయిన అజరయ్య దోర్నకల్‌కు వచ్చింది తిరునెల్వేలి తమిళ విశ్వాసులు 1903లో తమ సొంత కానుకలతో మొదలుపెట్టిన మిషన్ తరఫున. పంపినవాళ్లలో ఎక్కువమంది దోర్నకల్‌ను ఎన్నడూ చూడలేదు. మిజోరాంలో ఆడవాళ్లు వంట చేసే ప్రతిసారీ పిడికెడు బియ్యం తీసిపెట్టి, వాటిని అమ్మి వచ్చిన డబ్బుతో ఇవాళ్టికీ మిషన్ పని నడిపిస్తున్నారు. ఆ బియ్యం పోగుచేసి, తూచి, లెక్క రాసేవాళ్లు లేకుండా అది జరుగుతుందా?

పంపిన ఆదివారం

మొదట ఆయన పాస్టర్ గారు ప్రకటనల్లో “మన బ్రదర్ ఉద్యోగం మారుతున్నారు, ప్రార్థించండి” అని చెబుదామనుకున్నారు. మేం వెళ్లి కూర్చుని మాట్లాడాం. ఫీల్డుకు పంపేవాళ్లను మీరెలా పంపుతారో అలాగే పంపండి అని అడిగాం. అయ్యగారు పెద్ద మనసున్న మనిషి, సంఘ కమిటీని పిలిచి చర్చించారు. భార్యాభర్తలిద్దరినీ ముందు నిలబెట్టి, అపొస్తలుల కార్యములు 13లో అంతియొకయ సంఘం చేసినట్టు ఉపవాస ప్రార్థన పెట్టి, పెద్దలందరూ చేతులుంచి ప్రార్థించారు. ఆ రోజు ఆమెకూ మైకు ఇచ్చారు. రెండు మాటలే మాట్లాడింది, రెండూ తన మాటలే.

ఆ పొద్దున గుడికి బయలుదేరుతూ వాళ్లమ్మ నాతో అంది: “మా తాత మెదక్ గుడి కట్టంగ రాళ్లు మోసిండు. కరువుల గదే పని, గదే బువ్వ. గాయన వాక్యం చెప్పలె. గుడైతే లేసింది గద బిడ్డా.” మిషనరీ పాస్నెట్ దొరగారు కరువు రోజుల్లో అన్నం పెట్టి పని ఇచ్చిన సంగతి మెదక్ కుటుంబాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ గుడి, అంటే మెదక్ చర్చి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది. తను అడిగిన ప్రశ్నకు ఆమె తన ఇంటి చరిత్రలోనే జవాబు వెతుక్కుంది. అందులో నా ప్రమేయం ఏమీ లేదు.

మొదటి ఏడాది

తొలి నెలలు బాగానే గడిచాయి. తర్వాత ఒక రోజు నా దగ్గరికొచ్చి “పొద్దున్నే వచ్చి లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ ఓపెన్ చేస్తే పిలుపు ఎక్కడా కనబడట్లేదక్కా” అన్నాడు. ఇది వస్తుందని నాకు తెలుసు, ఆఫీసు సేవలో ఉన్న దాదాపు ప్రతి ఒక్కరికీ వస్తుంది. ఫీల్డులో ఉన్నవాడికి ఎదురుగా మనుషులు ఉంటారు. ఇక్కడ నంబర్లు ఉంటాయి. అందుకే మా దగ్గర పొద్దున ప్రార్థనలో రోజుకొక ఫీల్డు ఉత్తరం చదువుతాం, అక్కడివాళ్లను పేరుపేరునా తలుచుకుంటాం. ఆఫీసులో ప్రతి ఒక్కరికీ రెండు మిషనరీ కుటుంబాలను అప్పగిస్తాం. నెలకోసారి వాళ్లకు ఫోన్ చేయాలి, లెక్కల మాట ఎత్తకూడదు. ఆయనకు ఆ హాస్టల్ కుటుంబాన్నే ఇచ్చాం.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. “సేవ కదా” అంటూ మనుషులను రాత్రి పొద్దుపోయేదాకా కూర్చోబెట్టే అలవాటు క్రైస్తవ సంస్థల్లో ఉంది. అది పాపం. భార్యకు రాసిచ్చిన షరతు ఉంది కాబట్టి ఆయన విషయంలో నేను కాపలా కాశాను. నిజానికి షరతు ఉన్నా లేకున్నా అందరికీ అలాగే ఉండాలి.

పెద్ద గొడవ ఒకటి వచ్చింది. వేరే ఫీల్డులో ఒక సీనియర్ మిషనరీ పాత అడ్వాన్సుల లెక్క చెప్పలేదు. నియమం ప్రకారం తమ్ముడు కొత్త అడ్వాన్సు ఆపాడు. ఆ మిషనరీ మండిపడి, ఆఫీసువాళ్లకు ఫీల్డు కష్టం తెలియదని పైవాళ్లకు ఉత్తరం రాశారు. ఉత్తరం చదివి తమ్ముడు రైలెక్కి వెళ్లాడు. అక్కడికెళ్తే గానీ అసలు సంగతి తెలియలేదు. ఇన్నేళ్లూ లెక్కలు రాసింది ఆయన భార్య. ఆమె మంచాన పడ్డాక పుస్తకం ముట్టినవాళ్లు లేరు, అది చెప్పుకోవడానికి ఆయనకు మొహమాటం. తమ్ముడు అక్కడే కూర్చుని ఐదు గడుల నోట్‌బుక్ గీసి, వాళ్లబ్బాయికి నేర్పించి, పాత లెక్కలు ఇద్దరూ కలిసి తేల్చారు. తమ్ముడు తిరిగొచ్చి చెప్పాక మా కమిటీ ఒక నియమం రాసుకుంది: లెక్కలు రాలేదని ప్రాజెక్టు అడ్వాన్సు ఆపొచ్చు గానీ, కుటుంబ భృతి, మందుల డబ్బు ఏ కారణంతోనూ ఆపకూడదు.

ఇప్పుడు నెల మొదటి తేదీకి ముందే ఫీల్డులో డబ్బు పడుతోంది. మెడికల్ క్లెయిములు నెలల తరబడి పడి ఉండటం లేదు. ఫోన్ ఎత్తేది ఒకే గొంతు అని మిషనరీలకు తెలిసింది, బిల్లులతో సంబంధం లేని సంగతులు కూడా చెబుతున్నారు. తమ్ముడి భార్య వారంలో ఒక సాయంత్రం ఫీల్డు కుటుంబాల ఆడవాళ్లతో ఆరోగ్యం గురించి మాట్లాడుతుంది. అది మేం అడిగింది కాదు.

తేలనివీ ఉన్నాయి. మద్దతు ఇస్తామన్న సంఘాల్లో కొన్ని రెండో ఏడాది పంపడం ఆపేశాయి, ఆ లోటు ఇంకా పూర్తిగా పూడలేదు. పెద్ద పిల్ల హైస్కూలుకు వచ్చింది, ఫీజులు పెరుగుతున్నాయి. పీఎఫ్ కడుతున్నాం గానీ, అందులో పెన్షన్ లెక్క నెలకు 15 వేల జీతం దగ్గరే ఆగిపోతుంది, ముసలితనానికి ఆ డబ్బు చాలదు. ఈయనకైనా బొల్లారంలో ఇల్లుంది. ముప్పై ఏళ్లు కొండల్లో గడిపి రిటైరయ్యే మిషనరీలకు తలదాచుకునే చోటు కూడా ఉండదు. వాళ్ల కోసం ఒక రిటైర్మెంట్ నిధి ప్రతిపాదన ఆయనే తయారు చేస్తున్నాడు, వచ్చే కమిటీ సమావేశంలో పెడతాం. నేను ఈమధ్య ఉప్పల్ నుంచి వచ్చిన ఒక టీచరమ్మతో మాట్లాడుతున్నాను, మిషనరీ పిల్లల చదువుల పని మీద ఆమెకు భారం ఉంది. ఆమె ఇంకా శనివారాల దశలో ఉంది, భర్తతో విడిగా మాట్లాడాల్సి ఉంది.